రాతి తలం, ఇసుక వన్నె: మెరుపులేని గాజుపూతలను విమర్శ చదవవలసిన తీరు

ఉపోద్ఘాతం

కుమ్మరకళ గురించి తెలుగులో రాసేవారికి మొదటి చిక్కు మాటల దగ్గరే ఎదురవుతుంది. మెరిసే తలాన్ని వర్ణించడానికి నిగనిగ, తళతళ, నిగారింపు, మెరుగు వంటి పదాలు కావలసినన్ని ఉన్నాయి. మెరవని తలాన్ని చెప్పవలసి వచ్చినప్పుడు మాత్రం వెలిసినది, మాసినది, కళ తప్పినది, కాంతిహీనమైనది అనే లోపసూచకాలే ముందుగా అందుతాయి. ఈ ఇబ్బందిని దాటడానికి విమర్శ సాధారణంగా 'సహజమైన', 'మట్టివాసన గల', 'రాయిలాంటి' అనే విశేషణాలను ఆశ్రయిస్తుంది. ఇవి ప్రశంసావాచకాలే. అయినా మెరుపు లేదంటే కుమ్మరి చేయి పెట్టలేదనీ, పదార్థాన్ని దాని మానాన వదిలేశాడనీ ఇవి ధ్వనిస్తాయి. ఇసుక వన్నెలో, రాతి గరుకుతో కనిపించే గాజుపూత, అంటే గ్లేజు, విషయంలో వాస్తవం దీనికి దాదాపు వ్యతిరేకం. మెరిసే పూతను సాధించడం కన్నా, నమ్మదగిన మెరుపులేమిని సాధించడమే కష్టం.

గాజులో స్ఫటికం

గాజుగా మారే సిలికా, కరిగిన పూత జారిపోకుండా పట్టి ఉంచే అల్యూమినా, ఈ రెండింటినీ కరిగించే ద్రావకాలు ప్రతి గాజుపూతకూ అవసరం. పలుగురాయి పొడి, చైనా మట్టి, ఫెల్డ్‌స్పార్, సున్నపురాయి తగుపాళ్లలో కలిస్తే ఇవన్నీ సమకూరుతాయి. 1912లో ఆర్.టి. స్టల్ ద్రావకాలను స్థిరంగా ఉంచి (అణు నిష్పత్తిలో పొటాషియం ఆక్సైడ్ 0.3, కాల్షియం ఆక్సైడ్ 0.7) సిలికా, అల్యూమినాలను మాత్రమే క్రమంగా మారుస్తూ వరుసగా పూతలు కాల్చారు. ఫలితాలను ఒక పటంగా గీశారు. సిలికా అల్యూమినాకు సుమారు 8 రెట్లున్న ప్రాంతంలో పూత నిగనిగలాడింది. ఆ నిష్పత్తి 5కు, అంతకు దిగువకు వచ్చినచోట మెరుపు పోయింది. అల్యూమినా ఇంకా పెరిగినచోట పూత కరగనేలేదు.

విమర్శకు ఈ పటంలో పనికొచ్చేది అంకెలకన్నా ఎక్కువగా ఒక సరిహద్దు. మెరుపులేని పూత, కరగని పూత ఇక్కడ ఇరుగుపొరుగులు. కంటికి, అందులోనూ ఛాయాచిత్రంలో చూసే కంటికి, రెండూ ఒకేలా ఉంటాయి. కానీ మొదటిదానిలో పూత పూర్తిగా కరిగి, చల్లారే దశలో కంటికి ఆనని స్ఫటికాలు పుట్టి తలమంతా కమ్ముకుంటాయి. పాకం చల్లారేటప్పుడు పంచదార పలుకు కట్టినట్టే. తలం మీద పడిన వెలుగును ఆ స్ఫటికాలు చెదరగొట్టడం వల్ల మెరుపు ఉండదు. రెండవదానిలో ముడి పదార్థపు రేణువులు కరగక మిగిలిపోతాయి. ఒకటి పూర్తయిన పని, మరొకటి మధ్యలో ఆగిన పని. పాత్రను చేత్తో తాకకుండా ఈ రెండింటినీ 'సహజం' అనే ఒకే మాటతో మెచ్చుకున్న విమర్శ, నిజానికి ఏ పాత్రనూ చదవలేదు.

పూతల పుస్తకాలను పాఠంగా తీసుకునే పరిశోధకులు గమనించవలసిన విషయం మరొకటి ఉంది. ఒకే మిశ్రమం బట్టీని నెమ్మదిగా చల్లార్చినప్పుడు మంచు పట్టినట్టు మసకగానూ, వేగంగా చల్లార్చినప్పుడు సగం మెరుస్తూనూ రావచ్చు. కాబట్టి అచ్చులో ఉన్న పదార్థాల జాబితా సగం పాఠమే. మిగతా సగం చల్లార్చిన గంటల్లో ఉంటుంది. దాన్ని రాసిపెట్టే కుమ్మరులు తక్కువ.

ఇసుక వన్నె కూడా పైన అద్దిన రంగు కాదు. కొద్ది శాతం ఇనుప ఆక్సైడ్ గోధుమ ఛాయను ఇస్తుంది. ఇనుము కలిసిన టైటానియం ఖనిజమైన రూటైల్ లేత గంధపు ఛాయనిస్తూనే స్ఫటికాలు పుట్టడానికీ తోడ్పడుతుంది. అంటే ఇక్కడ వన్నె, మెరుపులేమి రెండూ చాలావరకు ఒకే చర్య ఫలితాలు. పలుకుగా ఉన్న ఇల్మెనైట్ వేస్తే నల్లని చుక్కలు తేలతాయి. దగ్గరగా చూస్తే ఇసుకకు ఒకే రంగు ఉండదు. ఒకే రంగుతో చదునుగా వచ్చిన 'ఇసుక' పూత గోడసున్నంలా కనిపించడానికి కారణం ఇదే.

లూసీ రీ, హాన్స్ కోపర్

ఈ పరిజ్ఞానం లేకుండా లూసీ రీ పాత్రలను అంచనా వేయడం సాధ్యం కాదు. 1902లో వియన్నాలో పుట్టి, అక్కడే మైకేల్ పోవోల్నీ వద్ద చదివిన ఆమె 1938లో నాజీల నుంచి తప్పించుకొని లండన్ చేరారు. అప్పటి బ్రిటిష్ స్టూడియో కుమ్మరాన్ని బెర్నార్డ్ లీచ్ అభిరుచి శాసిస్తోంది. మంట, బూడిద, తూర్పు ఆసియా సంప్రదాయం దానికి ఆధారాలు. లీచ్ తొలుత ఆమె పనిని మెచ్చలేదు. తర్వాత వారి స్నేహం జీవితాంతం నిలిచింది. హైడ్ పార్కు సమీపంలోని ఇరుకు వీధిలో, విద్యుత్ బట్టీలో ఆమె పాత్రలు కాలేవి. పచ్చి పాత్రకే కుంచెతో పూత వేసి, ఒక్కసారే కాల్చేవారు. ఆ బట్టీలో మంట లేదు, బూడిద లేదు. 'అగ్ని ప్రసాదించిన రాతితనం' అని ఆమె పాత్రలకు ఎవరైనా కితాబిస్తే అది లీచ్ సంప్రదాయపు భాషను అరువు తెచ్చుకోవడమే అవుతుంది.

ఆమె గుంటలు పడిన పూతల రహస్యం సిలికాన్ కార్బైడ్, అంటే సానరాళ్లలో వాడే కార్బొరండం. బట్టీ వేడికి అందులోని కార్బన్ వాయువుగా మారి బుడగలు లేస్తాయి. పూత పలుచగా కరిగితే బుడగలు పగిలిన చోట్లు మళ్లీ పూడుకుపోతాయి. చిక్కగా, మొండిగా ఉంటేనే గుంటలు నిలుస్తాయి. పింగాణీ కర్మాగారంలో ఇటువంటి పాత్ర తనిఖీ బల్ల దాటి పోదు. అక్కడ దోషంగా లెక్కించేదాన్ని ఆమె కొలిచి, కలిపి, కోరి రప్పించారు. ఇందులో విలువకట్టవలసినది గుంటలను కాదు, వాటికీ ఆకృతికీ ఉన్న సంబంధాన్ని. గరుకు పూత పలుచని మెడ మీదుగా పాకి విచ్చుకున్న అంచును చేరిన సీసాలలో బరువుగా కనిపించే చర్మానికీ తేలికైన దేహానికీ మధ్య ఒక బిగువు ఉంటుంది. మందపాటి గిన్నె అంతటా గుంటలు సమంగా పరుచుకున్నచోట ఆ బిగువు సడలి, పూత అలంకారంగా మిగులుతుంది.

1946 నుంచి 1958 వరకు ఆమె స్టూడియోలో పనిచేసిన హాన్స్ కోపర్‌ను కూడా 'రాతి గ్లేజు' శీర్షిక కిందనే చేర్చడం పరిపాటి. ఇది సరికాదు. కోపర్ రాతితలం ప్రధానంగా గాజుపూతే కాదు. మట్టిపూతలను పొరలుగా వేసి, గీకి, అరగదీసి, మాంగనీసుతో నల్లబరిచి సాధించినది. రీ తలం బట్టీలో లోపలి నుంచి ఉబికింది. కోపర్ తలాన్ని చేయి బయటి నుంచి అరగదీసింది. రెండింటి వ్యాకరణాలు వేరు.

వాడుక

పాత్ర భోజనానిదైతే ప్రశ్న మారుతుంది. సరిగా కరగని పూత ఆమ్లానికి లొంగుతుంది. నిమ్మచెక్కను రాత్రంతా ఆనించి ఉంచితే మరునాడు మచ్చ కనిపించవచ్చు. గరుకు తలం మీద చెంచా లోహం గీతలు మిగులుస్తుంది. పట్టులాంటి మసకను, లోతైన రంగులను ఇచ్చినందుకు గత శతాబ్దపు కుమ్మరులు ఇష్టపడిన బేరియం కార్బొనేట్ విషపదార్థం. ఒకప్పుడు ఎలుకల మందుగా వాడినది. రీకి ఈ తేడా తెలుసుననడానికి ఆమె కాఫీ కప్పులే సాక్ష్యం. వాటిలో చాలావాటికి వెలుపల మాంగనీసు గోధుమ రంగు, పెదవి, పానీయం తాకే లోపలి వైపు నునుపైన తెలుపు.

తెలుగు వంటింట్లో నిజమైన రాతిపాత్ర ఒకటి ఉంది, రాచిప్ప. దాన్ని మెత్తని బలపపు రాయితో తొలుస్తారు. అదే రాయి పొడి, టాల్క్ రూపంలో, మెగ్నీషియం అందించి గాజుపూతలకు వెన్నలాంటి మసకను ఇస్తుంది. అంగడి నుంచి తెచ్చిన రాచిప్పను ఎవరూ తిన్నగా పొయ్యి మీద పెట్టరు. నూనె, పసుపు పట్టించి, గంజి పోసి, కొన్నాళ్లు మాగనిస్తారు. బూడిద వన్నె పోయి నల్లబడిన తర్వాతే అందులో పులుసు కాగుతుంది.