తరగతి గది లేని సెనేట్ హౌస్

నేపియర్ వంతెన దాటి బస్సు మెరీనా వైపు తిరిగితే అందరి తలలూ ఎడమకే తిరుగుతాయి. సముద్రం అటుంది గనక. కుడి పక్క ఎర్ర ఇటుక గోడలతో, నాలుగు మూలలా నాలుగు బురుజులతో ఒక పెద్ద భవనం ఉంది. అది మద్రాసు విశ్వవిద్యాలయం వారి సెనేట్ హౌస్. నేనూ చాలా తూర్లు చూడకుండానే పోయినవాణ్ణే. ఈ వ్యాసం కోసం మా నాయనను వెంటబెట్టుకొని పోయి, రోడ్డు మీద నిలబడి గంటసేపు చూశాను. లోపలి హాలును మాత్రం ఫొటోల్లోనే చూశాను. ఆ మాట ముందే చెప్పేస్తున్నాను.

మద్రాసు విశ్వవిద్యాలయం 1857లో ఏర్పడింది. విశ్వవిద్యాలయం అనగానే మనకు తరగతులు, లెక్చరర్లు గుర్తుకొస్తారు. అప్పుడు అలా కాదు. పాఠాలు కాలేజీల్లో చెప్పేవారు. పరీక్ష పెట్టడం, పట్టా ఇవ్వడం, ఈ రెండే విశ్వవిద్యాలయం పనులు. లండన్ విశ్వవిద్యాలయాన్ని చూసి చేసుకున్న ఏర్పాటు అది. ఈ సంగతి తెలియకపోతే సెనేట్ హౌస్ అర్థం కాదని నా అభిప్రాయం. ఇంత పెద్ద చదువుల భవనాన్ని తరగతి గదుల కోసం కట్టలేదు. కట్టింది ఒక మహా హాలు కోసం.

ఆ హాలు పొడవు 130 అడుగులు, వెడల్పు 58, ఎత్తు 54. పదహారు వందల మంది కూర్చోవచ్చు. 54 అడుగులంటే దాదాపు అయిదంతస్తుల ఇల్లు. మద్రాసు ఎండకు వేడి గాలి పైకి పోవాలంటే ఎత్తు కావాలి, నిజమే. రంగు అద్దాల కిటికీలు, రంగులు వేసిన గోడలు కూడా బాగున్నాయి. కానీ పల్లె నుంచి వచ్చిన కుర్రాడొకడు ఆ కప్పు కింద ఒంటరిగా కూర్చుని జవాబులు రాయడం ఊహించుకోండి. నేను పోయిన ఏడు పదో తరగతి పరీక్ష వేరే బడిలో రాశాను. అది మామూలు రేకుల షెడ్డు. అక్కడే నా చేతులు వణికాయి. ఈ హాలు గాలి కోసం ఎత్తుగా ఉందా, మనిషి చిన్నగా కనబడాలని ఉందా అన్న అనుమానం నాకు పోలేదు.

కట్టినతను రాబర్ట్ చిషోమ్. ప్రెసిడెన్సీ కాలేజీకీ, సెనేట్ హౌస్‌కీ ప్లాన్లు కావాలని 1864లో ప్రభుత్వం పోటీ పెడితే అతనే గెలిచాడు. ముందు కాలేజీ లేచింది, ఇటలీ పద్ధతిలో. సెనేట్ హౌస్ పని మొదలైంది 1874లో, ముగిసింది 1879లో. ఈ మధ్యలో అతనికి ఇంకో పని తగిలింది. ఆర్కాటు నవాబుల చేపాక్ ప్యాలెస్ అప్పటికే ప్రభుత్వం చేతికొచ్చి ఉంది. దాని రెండు మహళ్ల మధ్య బురుజు కట్టింది ఇతనే. నవాబుల కమానులనూ గుమ్మటాలనూ దగ్గరగా చూసిన చెయ్యి సెనేట్ హౌస్‌లో తెలుస్తుంది. బైజాంటియం పద్ధతి కొంత, ముస్లిం కట్టడాల పద్ధతి కొంత కలిపాడు. దీన్నే ఇండో సారసెనిక్ అంటారు.

ఇది మన శైలి అని కొందరు మెచ్చుకుంటారు. నేను సగమే ఒప్పుకుంటాను. వరండాలు, ఇటుక పని, నీడ ఈ ఊరికి సరిగ్గా సరిపోయాయి. కాలేజీ కన్నా ఇదే నాకు నచ్చింది. కానీ మనదేదో, మనకేది తగునో ఎంచినవారు మనం కాదు. నేను చదివినవన్నీ చిషోమ్ పేరే చెప్పాయి. ఇటుక పేర్చిన మేస్త్రీల పేరు ఒక్కటీ చెప్పలేదు.

మన తెలుగువాళ్లకు ఈ ఇల్లు పరాయిది కాదు. 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయం వచ్చేదాకా రాజమండ్రిలో చదివినా, విశాఖలో చదివినా పట్టా మద్రాసుదే. భవనం దగ్గరున్న విక్టోరియా రాణి విగ్రహం కూడా తెలుగువారి డబ్బే. విశాఖపట్నం జమీందారు గోడే నారాయణ గజపతిరావు 1887లో, రాణి పాలనకు యాభై ఏళ్లయిన సందర్భంగా ఇచ్చాడు. అది చదివి మా నాయన, "ఆ డబ్బుతో ఎంతమందికి ఫీజులు కట్టొచ్చురా" అన్నాడు. జమీందారుగారి మిగతా దానాల లెక్క మా నాయనకు తెలీదు గానీ, ఆ ప్రశ్నలో తప్పేమీ లేదు.

నాకు గర్వం అనిపించింది ఇంకొక చోట. 1937 జూలైలో ఎన్నికైన కొత్త మద్రాసు శాసనసభ ఈ సెనేట్ హౌస్‌లోనే కూడింది. రాజాజీ ప్రధాని, టంగుటూరి ప్రకాశం మంత్రి. సభాపతి కుర్చీలో కూర్చున్నది మన బులుసు సాంబమూర్తి. కొన్ని నెలల ముచ్చటే. అయినా అంతవరకూ పరీక్షాధికారులు అడిగితే జనం జవాబు రాసిన చోట, జనం పంపినవాళ్లు నిలబడి ప్రభుత్వాన్ని అడిగారు. ఆ హాలు ఎత్తు అప్పుడు సరిపోయి ఉంటుంది.

తర్వాత భవనం చాలా ఏళ్లు పాడుబడింది. విశ్వవిద్యాలయానికి 150 ఏళ్లు నిండే సమయంలో బాగుచేశారు. రంగులు మళ్లీ తేలాయి. బాగుచేయడం మంచిదే. ఇక ఆ హాలును ఎప్పుడో ఒక సభకు తెరవడం కన్నా, నెలకొక శనివారం అక్కడ బెంచీలు వేసి బడిపిల్లలను కూర్చోబెడితే బాగుంటుంది. తమిళ బడి, తెలుగు బడి, ఉర్దూ బడి, ఎవరైనా సరే. చిషోమ్ గీసిన గీతలను ఎవరైనా మాస్టారు బోర్డు మీద గీసి చూపించాలి. పరీక్ష మాత్రం పెట్టకూడదు.