బహ్రెయిన్ దఫ్తరులు: కవితకు చేతితో కట్టిన ఇల్లు

దఫ్తరమనే మాట మనవారికి కొత్తది కాదు. ఆంధ్రదేశపు పల్లెలలో కరణంగారి లెక్కల కట్టను దఫ్తరమనేవారు. చెరకు తోటలకు వచ్చిన మన తాతముత్తాతల పేర్లు కూడ ఈ గడ్డమీద మొదట ఎక్కినది ఒక దఫ్తరంలోనే: పేరు, తండ్రి పేరు, నంబరు. అరబ్బు చిత్రకారులు ఇదే మాటను మరొక వస్తువుకు పెట్టుకొన్నారు. ఒక కవి రచనను తీసుకొని, కాగితం మడిచి, రంగులు వేసి, గుడ్డ, చెక్క, అచ్చు ముద్రలు అతికించి చేతితోనే తయారుచేసే పుస్తకం దఫ్తర్. 1991 తరువాత ఆంక్షలవల్ల సామగ్రి కరువైన ఇరాకులో ఈ కళ బాగా పెరిగినది. కొద్దిపాటి కాగితంతో పని జరుగుతుంది. మడిచి సంచిలో పెట్టుకొని సరిహద్దు కూడ దాటవచ్చును.

బహ్రెయిన్‌కు ఈ కళతో గట్టి సంబంధమున్నది. ముహర్రఖ్‌లో 1948లో పుట్టిన ఖాసిం హద్దాద్ ఆ ద్వీపపు పెద్ద కవి. రాజకీయ కారణాలవల్ల 1970లలో ఖైదు అనుభవించినవాడు. ఆయన లైలా మజ్నూల కథను తిరిగి వ్రాయగా, 1976 నుండి లండన్‌లో స్థిరపడిన ఇరాకీ చిత్రకారుడు దియా అజ్జావీ దానికి చిత్రాలు వేసినాడు. ఇద్దరి కృషి కలిసి 1996లో పుస్తకమైనది. పాత కథ అందరికీ తెలిసినదే. హద్దాద్ మాత్రం దానిని ఎవరో చెప్పగా విన్న కబుర్లవలె, ముక్కలుముక్కలుగా, ఒకరి మాటను మరొకరు కాదన్నట్లు నడిపినాడు. ప్రేమికులను కన్నీటి బొమ్మలుగా చేయలేదు. వారికి శరీరాలున్నాయని గుర్తుచేసినాడు.

ఇక్కడ చిత్రకారునికి ఒక ఉచ్చు ఉన్నది. ఎడారి, ఒంటె, గుడారం ముందు కన్య అంటూ క్యాలెండరు బొమ్మలు వేసి చేతులు దులుపుకొనవచ్చును. అజ్జావీ అలా చేయలేదు. కవి చెప్పినదానిని మళ్ళీ చెప్పక, ముదురు రంగులతోను, విరిగిన రూపాలతోను కవితకు పక్కగా తన దారిన తాను నడిచినాడు. ఈ గ్రంథం యొక్క గొప్పతనం అదేనని మా అభిప్రాయం. 1997లో హద్దాద్, చిత్రకారుడు ఇబ్రహీం బూసాద్, సంగీతకారుడు ఖాలిద్ అల్ షేఖ్ కలిసి ‘వుజూహ్’, అనగా ముఖాలు, అనే కృషి చేసినారు. కవిత, చిత్రం, పాట ఒకే పందిరి క్రిందకు వచ్చినవి.

రఫా నాసిరీ సంగతి వేరు. ఇరాకులో పుట్టి, 1959 నుండి 1963 వరకు పెకింగ్‌లోను, తరువాత లిస్బన్‌లోను అచ్చుకళ నేర్చిన ఈయన 1997 నుండి కొన్నేళ్ళు బహ్రెయిన్ విశ్వవిద్యాలయంలో బోధించినాడు. 2013లో కన్నుమూసినాడు. ఆయన అక్షరాన్ని చదవడానికి వ్రాయలేదు. గోడమీద మిగిలిన మరకవలె వదిలినాడు. అది చూచి ముగ్ధులమైన మాట నిజమే కాని, కొన్నిచోట్ల మాకు తృప్తి కలుగలేదు. అక్షరం చదువబడక వట్టి అలంకారమైపోతే, ఆ కవిత ఎవరిదైనా ఒకటే కదా!

ఈ మాట మేము ఊరక అనడం లేదు. మన యింటి పిల్లలకు తెలుగులిపి ఇప్పటికే చాలవరకు బొమ్మ అయినది. గుడి గోడమీద చూస్తారు, దండం పెడతారు, చదువలేరు. శ్రీకాళహస్తి కలంకారీ పనివారు బొమ్మ పక్కనే తెలుగులో కథను వ్రాసేవారు. చదువు వచ్చినవాడు చదువుకొనేవాడు, రానివాడు చూచి తెలుసుకొనేవాడు. బొమ్మ అక్షరాన్ని మింగలేదు, అక్షరం బొమ్మను అణచలేదు. బహ్రెయిన్ పుస్తకాలలో మేము వెదకినది ఆ పొత్తునే. లైలా మజ్నూల గ్రంథంలో అది దొరికినది. నాసిరీ వద్ద సగమే.

ఇంకొక చిక్కు. ఇటువంటి పుస్తకం ఒక్కటే ప్రతి ఉంటుంది, లేదా వేళ్ళమీద లెక్కించదగినన్ని. కడకు అద్దాల పెట్టెలో చేరుతుంది. తెరచిన రెండు పుటలు తప్ప మిగిలినవి మనకు కనిపించవు. పుట త్రిప్పనివ్వని పుస్తకాన్ని పుస్తకమనడానికి మాకు నోరు రావడం లేదు. హద్దాద్ రచన 2014లో ఇంగ్లీషులోకి వచ్చినది గనుక మన యువకులు దానినైనా చదువవచ్చును. రామభజన పాటలు వ్రాసుకొన్న నోటుపుస్తకాలు మన ఇండ్లలో ఎన్నో పెట్టెల అడుగున పడియున్నవి. రంగులు పట్టే మన పిల్లలలో ఒకరైనా వాటిలో ఒక పాటను తీసుకొని, ముందు దానిని చదివించుకొని, ఆ తరువాత కుంచె ముట్టుకొంటారా?