‘తినీసినాను’లో ఆల్‌రెడీ

పోటీ పరీక్షలకు చదివే మన విజయనగరం, శ్రీకాకుళం పిల్లలకు ఇంగ్లిషు చెప్తున్నప్పుడు స్పెల్లింగు కంటే ఎక్కువగా దిద్దేది యాడ్వర్బ్ చోటు. ‘హీ డ్రైవ్స్ స్లోలీ ద ఆటో’ అని రాస్తారు. అజాగ్రత్త కాదది. ‘వాడు ఆటో నెమ్మదిగా నడుపుతాడు’లో ‘నెమ్మదిగా’ క్రియను ఆనుకునే ఉంది కదా! ఇంగ్లిషులో క్రియకూ దాని కర్మకూ మధ్య ఇలాంటి యాడ్వర్బ్ మామూలుగా దూరకూడదు. ‘స్లోలీ’ చివరికి పోవాలి, లేదా క్రియకు ముందుకు రావాలి.

‘ఓన్లీ’తో ఇంకా చిక్కు. ‘ఆవిడే నాకు చెప్పింది’, ‘ఆవిడ నాకే చెప్పింది’. మనం ఒక్క ఏత్వంతో తేల్చేస్తాం. ఇంగ్లిషుకు ఆ సదుపాయం లేదు. ‘ఓన్లీ షీ టోల్డ్ మీ’, ‘షీ టోల్డ్ ఓన్లీ మీ’ అని మాటనే జరపాలి. మనవాళ్ల ‘ఐ టోల్డ్ ఎస్టర్‌డే ఓన్లీ’లో ఉన్నది ‘నిన్ననే’లోని ఏత్వమే.

నాకు బాగా ఇష్టమైనది ‘ఆల్‌రెడీ’. అన్నం తిన్నావా అంటే ఇక్కడి పిల్లాడు ‘తినీసినాను’ అంటాడు. పని అప్పటికే అయిపోయిందన్న సంగతి ఆ ‘ఈసి’లోనే ఉంది. అందుకే ‘ఐ హావ్ ఈటెన్’ దగ్గరే ఆగిపోతాడు. ‘ఈసి’ని విడదీసి చూపించి, ఇంగ్లిషులో అది ‘హావ్’ తర్వాత కూర్చుంటుందంటే చాలు, ‘ఐ హావ్ ఆల్‌రెడీ ఈటెన్’ తనంతట తనే రాస్తాడు.

జనం నోటి మాటతో మొదలుపెట్టే ఈ దారి మనకు కొత్తేమీ కాదు. శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలో 1863లో పుట్టిన గిడుగు రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడిలో బడిపంతులుగా ఉంటూ, సవర అనే గిరిజన భాష మాట్లాడే మనిషిని సొంత ఖర్చుతో ఇంట్లో పెట్టుకుని ఆ భాష నేర్చుకున్నారు. జనం నోట విన్నదాంతోనే వ్యాకరణం కట్టారు. 1931లో సవర భాషా మాన్యువల్, 1938లో సవర–ఇంగ్లిషు నిఘంటువు అచ్చయ్యాయి. ఆయన పుట్టిన జిల్లాలోనే పిల్లల ఇంటి మాటను క్లాసు బయట విడిచి రమ్మంటే నాకు కష్టంగా ఉంటుంది. ‘సరిగా మాట్లాడు’ అని గదమాయిస్తే, ఇంగ్లిషుకు పట్టుకొమ్మ అయ్యే ఆ ‘ఈసి’ కాస్తా నోట్లోనే ఉండిపోతుంది.

అన్నిటికీ ఈ కిటుకు పనిచేయదు. ‘నెవర్’ను వాక్యం మొదట పెడితే వెనకున్న మాటలు తిరగబడతాయి: ‘నెవర్ హావ్ ఐ సీన్’. మన ఇళ్లలో దానికి సాటి నాకు దొరకలేదు. దాన్ని పదేపదే చదివి, విని పట్టుకోవాల్సిందే.