పద్యం ఎక్కడ ఆగాలి

నరసన్నపేటకు దగ్గర్లోని ఒక ఊళ్లో ముప్పయ్యేళ్లపాటు హరిశ్చంద్రుడి వేషం కట్టిన పెద్దాయన ఒకరున్నారు. పేరు రాయవద్దన్నారు. మొన్న ఆయన అరుగు మీద కూర్చుని ‘రంగమార్తాండ’ సినిమా సంగతి ఎత్తాను. మనవరాలి ఫోన్లో చూశారట.

“బాగుంది బాబూ, ఏడిసీసేను. గానీ ఆ మనిసి ఇంట్లో కూడా పద్దెమే పాడతన్నాడు. అదీ సిక్కు” అన్నారు.

సినిమాలో ఆ నటుడు ఇంట్లో కూర్చుని పద్యాలు పాడుకోడు కదా అన్నాను.

“పాడక్కర్నేదు. పద్దెంలాగే బతికీసేడు.”

అప్పటికి నాకు ఆ మాట సగమే ఎక్కింది.

కృష్ణవంశీ తీసిన ‘రంగమార్తాండ’ 2023 మార్చి 22న, ఉగాది నాడు విడుదలైంది. ప్రకాశ్‌రాజ్ అందులో రాఘవరావు అనే రంగస్థల నటుడు. రమ్యకృష్ణ ఆయన భార్య. ఆవిణ్ణి ఆయన ‘రాజుగారూ’ అని పిలుస్తాడు. బ్రహ్మానందం ప్రాణస్నేహితుడు చక్రపాణి. బిరుదు అందుకుని రంగస్థలానికి సెలవు చెప్పిన రాఘవరావు ఇల్లూ వాకిలీ పిల్లలకు పంచేస్తాడు. కొడుకింట్లో ఇమడలేడు. కూతురింటికి వెళ్తే అక్కడ దొంగతనం అనుమానం మీద పడుతుంది. అక్కణ్ణించి రోడ్డే. నానా పటేకర్ నటించిన మరాఠీ సినిమా ‘నటసామ్రాట్’ (2016)కు ఇది తెలుగు రూపం. ఆ సినిమాకు మూలం కుసుమాగ్రజ్ నాటకం. 1970లో శ్రీరామ్ లాగూ ఆ వేషం వేశారు. ఆ నాటకం వెనక షేక్‌స్పియర్ లియర్ రాజు కనిపిస్తాడు. రాజ్యం కూతుళ్లకు పంచేసి గాలివానలో నిలబడ్డ ముసలి రాజు ఆయన. మన ఊళ్లలో ఈ కథ చూసినవాళ్లకు మాత్రం హరిశ్చంద్రుడే గుర్తొస్తాడు.

గుర్తు రాకుండా ఎలా ఉంటాడు? గ్రామదేవత సంబరమైనా, సంక్రాంతి రోజులైనా, ఈ చుట్టుపక్కల నాటకం పెట్టాలంటే ముందు తట్టేవి రెండే: హరిశ్చంద్ర, కురుక్షేత్రం. ఇందులో ఒక తమాషా ఉంది. వచన నాటకానికి తలమానికమైన ‘కన్యాశుల్కం’ మొదటిసారి ఆడింది 1892లో, మన విజయనగరంలోనే. వాడుక భాష కోసం జీవితమంతా పోరాడిన గిడుగు రామమూర్తి పంతులు 1863లో పుట్టింది శ్రీముఖలింగం దగ్గరి పర్వతాలపేటలో. ఇంతటివాళ్లు మన మధ్యే ఉండగా జనం తెల్లవార్లూ గోనెలు పరుచుకుని కూర్చునేది మాత్రం గ్రాంథిక పద్యం కోసం. మాట అర్థం కాని అవ్వ కూడా ఎక్కడ కళ్లు తుడుచుకోవాలో తప్పకుండా అక్కడే తుడుచుకుంటుంది. గిడుగు పంతులుగారు దీనికేమనేవారో!

అవ్వకు అర్థం ఎలా అందుతోంది? పద్యాన్ని పాడే పద్ధతిలోనే ఆ కిటుకంతా ఉంది.

ఉత్పలమాలకు పాదానికి 20 అక్షరాలు, చంపకమాలకు 21, శార్దూలానికి 19, మత్తేభానికి 20. నాలుగు పాదాలూ కలిపితే అటూ ఇటూగా ఎనభై అక్షరాలు. కవి రాసిన వాక్యం పాదం చివర బుద్ధిగా ఆగదు, తర్వాతి పాదంలోకి దూకేస్తుంది. ఒక్కోసారి మాటే రెండు ముక్కలై, సగం పైపాదంలో, సగం కిందిపాదంలో పడుతుంది. ‘మాధవుడు’ అన్న మాటలో ‘మా’ ఒక పాదం చివరా, ‘ధవుడు’ తర్వాతి పాదం మొదట్లోనూ పడ్డాయనుకోండి. గణాల లెక్క చూసుకుని పాదం చివర ఊపిరి తీసుకున్నవాడి నోట ‘ధవుడు’ ఒంటరిగా మిగులుతాడు. ధవుడంటే మొగుడు. కృష్ణుడి సంగతి కాస్తా ఎవరి మొగుడి సంగతో అయి కూర్చుంటుంది.

అందుకని మంచి నటుడు పద్యాన్ని ముందు వచనంలాగా చదువుకుంటాడు. మాట ఎక్కడ పూర్తవుతోంది, కోపం ఎక్కడ మొదలై ఎక్కడ జాలిగా మారుతోంది, ఊపిరి ఎక్కడ తీసుకుంటే అర్థం తెగదు అని గుర్తులు పెట్టుకుంటాడు. ఆ తర్వాతే రాగం. కృష్ణుడికి మోహన, శోకానికి శుభపంతువరాళి లాంటివి స్థిరపడిపోయాయి గానీ రాగం పేరు తెలియకుండా జీవితమంతా తప్పు లేకుండా పాడినవాళ్లు బోలెడుమంది. చెవిన పడింది గొంతున నిలిచింది, అంతే. శ్రుతి మాత్రం పైన ఉండాలి. మైకు లేని రోజుల్లో చివరి వరసలో చెట్టు కింద కూర్చున్నవాడికి కూడా వినిపించాలి కదా, ఆ అలవాటు మైకు వచ్చాకా పోలేదు. ఇప్పుడు దానికి ఎకో కూడా తోడైంది. ఒక్కో రాత్రి ధర్మరాజు ఏ గుహలోనో కూర్చుని మాట్లాడుతున్నట్టుంటుంది. ఎకో పెట్టే సౌండువాడికి ఎవరైనా దణ్ణం పెట్టి చెప్తే బాగుణ్ణు.

అక్షరాలు అయిపోయాక రాగం తియ్యడం ఉంటుంది. చప్పట్లు రాబట్టేది అదే, నటుణ్ణి పాడుచేసేదీ అదే. జనం ‘వన్స్‌మోర్’ అంటారు. చచ్చి పడిపోయిన అభిమన్యుడు లేచి మళ్లీ పద్యం పాడి చచ్చాడన్న హాస్యం ఊరికే పుట్టలేదు. మధ్యలో చదివింపులు ఉండనే ఉన్నాయి. ద్రౌపది ఏడుస్తుండగా ‘ఫలానావారు నూట పదహార్లు’ అని మైకులో కేక. ద్రౌపది కొంగు చాటున నమస్కారం పెట్టి మళ్లీ ఏడుపు అందుకుంటుంది. రంగస్థల నటుడు బళ్లారి రాఘవ (1880–1946) ఈ పద్యాల వరద మీద మండిపడేవారు, నటన మునిగిపోతోందని. సినిమాలో హీరోకు రాఘవరావు అని పేరు పెట్టడంలో ఆయన జ్ఞాపకం ఉందనే నేను అనుకుంటున్నాను.

ఈ జబ్బుకు మందు ఉత్తరాంధ్రలోనే దొరికింది. విజయనగరం జిల్లావారు పీసపాటి నరసింహమూర్తి (1920–2007) కురుక్షేత్రం రాయబారం సీనులో కృష్ణుడిగా పేరు పొందారు. తిరుపతి వేంకట కవుల పద్యం ఆయన నోట మాట మాటగా విడిపడి, అర్థం ముందు నడిచి, రాగం వెనక నడిచేది. అదే కృష్ణుణ్ణి ఈలపాట రఘురామయ్య పద్యాన్ని ఈలగా మార్చి ఇంకో శిఖరానికి తీసుకెళ్లారు. 1975లో పద్మశ్రీ అందుకున్నారు. ఇద్దరిలో ఎవరు గొప్ప అని నరసన్నపేట టీకొట్టు దగ్గర అడిగితే టీ చల్లారిపోతుంది. నా ఓటు పీసపాటికే. పక్క జిల్లా అభిమానం కొంత ఉండొచ్చు, కాదనను.

ఇక నటుల బతుకు. కడప జిల్లా సురభి గ్రామంలో 1885లో ‘కీచకవధ’తో వనారస గోవిందరావు మొదలుపెట్టిన సురభి నాటకానికి కుటుంబమే కంపెనీ. తల్లి రాణి, తండ్రి రాజు, పిల్లాడు బాలకృష్ణుడు. ఇల్లూ రంగస్థలమూ ఒక్కటే. మన కాంట్రాక్టు డ్రామాల సంగతి అలా కాదు. కాంట్రాక్టరు ఒక్కో ఊరి నుంచి ఒక్కో నటుణ్ణి పిలుస్తాడు. పడకసీను కృష్ణుడు ఒకరు, రాయబారం కృష్ణుడు ఇంకొకరు. రిహార్సల్ అన్న మాటే లేదు. సాయంత్రం బస్సు దిగి, మేకప్ దగ్గర మొహానికి అర్దళం పూసుకుంటూ, పక్కన కూర్చున్న దుర్యోధనుణ్ణి ‘తమరిదే ఊరండీ’ అని అడిగిన కృష్ణుడు రాత్రి ఒంటిగంటకు అతనితోనే సంధి మాట్లాడతాడు. అందరికీ పాఠం ఒకటే కాబట్టి నడిచిపోతుంది. తడబడితే హార్మోనిస్టు స్వరంతోనే పద్యం ఎత్తుగడ అందిస్తాడు. మొత్తం నాటకం ఎరిగినవాడు ఆ ఒక్కడే. తెల్లారేసరికి వేషం కడుక్కుని, సంచీ భుజాన వేసుకుని మళ్లీ బస్సు. ఇంట్లో వాళ్లకు ఆయన సంచీ సర్దుకుంటూనో, పగలంతా నిద్రపోతూనో కనిపిస్తాడు.

హరిశ్చంద్రలో కాటిసీను వచ్చేసరికి తెల్లవారుజాము నాలుగవుతుంది. నాటకం బలిజేపల్లి లక్ష్మీకాంతంగారిది (1881–1953). కానీ ఆ సీనులో జనం ఎదురుచూసే పద్యాలు ఆయనవి కావు, గుర్రం జాషువావి (1895–1971). శ్మశానం మీద జాషువా రాసిన ఖండికను నటులు తీసుకొచ్చి ఇక్కడ కలిపేశారు. కమిటీ వేసి తేల్చింది కాదు. జనానికి నచ్చింది, అతుక్కుపోయింది. అంటరానితనం చవిచూసిన కవి పద్యాన్ని కాటికాపరి అయిన చక్రవర్తి నోట పెట్టారు మన నటులు. ఇంత గొప్ప సాహిత్య విమర్శ రంగస్థలం మీద మరొకటి జరిగిందని నేను అనుకోను.

ఆ సీను కథ అందరికీ తెలిసిందే. పాముకాటుతో చనిపోయిన లోహితాస్యుణ్ణి ఎత్తుకుని చంద్రమతి వస్తుంది. కాటిసుంకం కట్టమంటాడు కాపరి. మొగుడికి తప్ప ఇంకెవరికీ కనిపించని మంగళసూత్రం అతనికి కనిపిస్తుంది. భార్యనీ కొడుకునీ కాశీలో అమ్ముకున్నవాడు వాళ్లను మళ్లీ చూడటం ఇక్కడే. ఇంట్లోవాళ్ల కోసం వెతుక్కునే నటుడి కథ సినిమాకు కొత్త కావచ్చు గానీ, మన రాత్రులకు కొత్త కాదు.

పెద్దాయన ఆ క్షణం చేసి చూపించారు. గొంగళి బదులు భుజాన తుండు, కర్ర బదులు గొడుగు. సుంకం అడుగుతున్నంతసేపూ గొంతు కరుగ్గా ఉంది. చూపు సూత్రం మీద పడింది. నేను పద్యం వస్తుందనుకున్నాను, రాలేదు. గొడుగు కొన నేలకు ఆనింది. మెడ కొద్దిగా ముందుకొచ్చింది, అంతే. చాలాసేపటికి, చాలా కింది శ్రుతిలో మొదటి అక్షరం వచ్చింది.

“ఇక్కడ పెట్టి కూడా ఆగిపోవాల. రాగం తీసీవనుకో, సూత్రం నీకు కనబణ్నేదని జనానికి తెలిసిపోద్ది” అన్నారు కూర్చుంటూ. పెట్టి అంటే హార్మోనియం.

సినిమాలో రాఘవరావు చేసిన తప్పు ఏమిటో అప్పుడు నాకు తెలిసింది. పిల్లలకు ఆస్తి పంచడం తప్పు కాదు. పంచిన తీరే రంగస్థలం తీరు. రాజ్యమంతా ఒక్క మాటతో ధారపోసే హరిశ్చంద్రుడికి చప్పట్లు పడతాయి. వెంటనే తెర దించేస్తారు. విశ్వామిత్రుడు లోపలికెళ్లి గడ్డం తీసి చుట్ట వెలిగించుకుంటాడు. ఇంట్లో ఆ దానం తర్వాత పొద్దున్నే కాఫీ ఉంటుంది, స్నానాల గది దగ్గర వంతులుంటాయి, కోడలి మొహం ఉంటుంది. దానం చేసినవాడు ఇంకా అదే శ్రుతిలో మాట్లాడుతుంటే వినేవాళ్లకు చెవులు నొప్పెడతాయి. పిల్లల్ని దుర్మార్గుల్లా చూపించే తొందర సినిమాకు ఉంది, అది నాకు నచ్చలేదు. బ్రహ్మానందం మాత్రం, దశాబ్దాల హాస్యాన్ని పక్కనపెట్టి, ఎక్కడ ఆగాలో తెలిసిన నటుడిలా కనిపించారు.

మీ ఇంట్లో మీ పద్యం ఎవరు వినేవారు అని పెద్దాయన్ని అడిగాను. భార్య పోయి ఆరేళ్లయిందట. కొడుకు సూరత్‌లో ఉన్నాడు. పెద్దపండక్కి ఫోన్ చేస్తాడు.

“ఆడు నాతో మూడేళ్లు లోహితాస్యుడు ఏసేడు. ఇంటిదగ్గర ఒగ్గలేక తీసుకెల్లీవోణ్ణి. కాటిసీను టైముకి సిన్న గుంటడు, నిద్దరాగదు కదా. చచ్చినట్టు పడుకోరా అంటే నిజంగానే నిద్దరోయీవోడు. సంద్రమతి ఏసినాయన పడుకున్నోణ్ణే ఎత్తుకొచ్చీవోడు.”

తుండు తీసి గొడుగు మీద వేశారు.

“ఊరంతా ఇన్నాది బాబూ, ఆ పద్దెం. ఆడొక్కడూ ఇన్నేదు.”