‘రన్’ అను ఆంగ్లక్రియ: నానార్థవిచారము

ఆంగ్లభాషయందు ‘రన్’ అనునది మిక్కిలి చిన్నమాట. బాలురు మొదటి పాఠములలోనే నేర్చునది. ఆక్సుఫర్డు మహానిఘంటువును సంస్కరించుచున్నవారు ఈ క్రియ కొక్కదానికే 645 అర్థభేదములు చూపిరని 2011లో వెల్లడియైనది. అంతకు ముందు, 1989 నాఁటి ద్వితీయముద్రణమున, అగ్రస్థానము ‘సెట్’ అను పదమునకుండెను. ఈ సంఖ్యను జూచి, ఒక్కమాట కిన్ని యర్థములు గల భాష యెంత సంపన్నమోయని విస్మయపడువారు కొందఱు. ఒక్కమాటతో నిన్ని పనులు గడపుకొను భాష యెంత దరిద్రమోయని పరిహసించువారు మఱికొందఱు. ఈ రెండు తలంపులును ఒక్క పొరపాటునుండి పుట్టినవని చూపుట యీ వ్యాసమున కుద్దేశము. ఇది వట్టి వాదవినోదము కాదు. ఆంగ్లమునుండి తెలుఁగుచేయువారి వాక్యములను ఈ పొరపాటు దినదినమును జెఱచుచున్నది.

మొదట మాట పుట్టుకను విచారింతము. ప్రాచీనాంగ్లమునందలి క్రియయు, నోర్స్ భాషనుండి వచ్చిన దాని జ్ఞాతియు గలిసి నేఁటి ‘రన్’ అయినది. జర్మనుభాషలో దీని సోదరపదములు రెండు నేఁటికిని గలవు: ‘రెన్నెన్’ అనఁగా పరుగెత్తుట, ‘రిన్నెన్’ అనఁగా నీరు జాలువాఱుట. కాఁబట్టి ఆంగ్లేయుఁడు ‘నది రన్ అగుచున్నది’ అనునప్పుడు మనుష్యుని పరుగును నదియం దారోపించుచున్నాఁడని తలఁపరాదు. ప్రవాహార్థము కవికల్పన గాదు, మాటతోఁ బుట్టినది.

ఇట్టి మాట మనకు లేదా? ‘పాఱు’ అను క్రియను జూడుఁడు. ఏఱు పాఱును, ఓడిన సైన్యము పాఱును, పందిటిమీఁదఁ దీఁగ పాఱును, జూదరి పాచిక పాఱును, ఎత్తు ఫలింపని మోసగాని ఆటలు పాఱవు. గొఱ్ఱెలకు వచ్చు విరేచనవ్యాధిని కాఁపరులు పాఱుడురోగ మందురు. ఆంగ్లమునను నది, పిఱికివాఁడు, తీఁగ, ఉపాయము, విరేచనము, అన్నియు ‘రన్’ అను మాటకే లోఁబడును. ఈ రెండుభాషలును వేర్వేఱు కుటుంబములకుఁ జెందినవి. ఒకదానినుండి యొకటి యెరువు దెచ్చుకొన్న మాట గాదు. అయినను ఒకే త్రోవను నడచినవి. వేగముగఁ గదలుట, అడ్డులేక సాగుట, అనుకొన్నట్లు నెఱవేఱుట అను భావములు మనుష్యుని మనస్సున నొకదాని వెంట నొకటి వచ్చుటయే యిందులకుఁ గారణము. మఱియు పైరులకు నీరందించు వ్యవస్థకు మనము ‘నీటిపాఱుదల’ యని పేరిడితిమి. ఆంగ్లేయుఁ డచ్చోట ‘రన్’ను విడిచి లాటినుపదమును దెచ్చుకొనెను. కావున నానార్థత్వ మొక జాతి సొత్తు గాదు.

ఇంక భాషలు విడిపోవు తావులు జూతము. ఆంగ్లేయుఁడు దుకాణమును, బడిని, ప్రభుత్వమును ‘రన్’ చేయును. తెలుఁగువాఁడు వానిని నడపును. ఒకనికిఁ బరుగైనది వేఱొకనికి నడక. నాటకము వారికిఁ బరుగెత్తును, మన కాడును. వారి ముక్కు పరుగెత్తును, మన ముక్కు కాఱును. జ్వరము మన కొడలు కాయును. ఎన్నికలలో అమెరికావాఁడు పరుగెత్తును, ఇంగ్లండువాఁడు నిలువఁబడును, ఈవిషయమున మనము ఇంగ్లండువారి వైపే. ఒక్కభాష మాటలాడువారిలోనే యిట్టి భేద ముండఁగా, అర్థము మాటలో నిక్షేపింపఁబడిన ధన మనుట యెట్లు? ఇంటిలో బియ్య మైపోయినప్పుడు ఆంగ్లేయుఁడు బియ్యము బయటికిఁ బరుగెత్తె నన్నట్లు చెప్పును. మన యిల్లాలు ‘బియ్యము నిండుకొన్నవి’ యనును. లేమిని నోటఁ బలుకరాదను మన మర్యాద యంతయు నా మాటలో నున్నది. దీనిని ఏ నిఘంటుకారుఁడు ‘రన్’ యొక్క యర్థములలోఁ జేర్పఁగలఁడు?

645 అను సంఖ్య యెచటనుండి వచ్చినది? జాన్సన్ తన 1755 నాఁటి నిఘంటువునకు వ్రాసిన పీఠికలో, ఇట్టి క్రియల యర్థము మిక్కిలి వదులైనదనియు, వానిని లక్షణములతోఁ గట్టుట దుర్ఘటమనియు మొఱపెట్టుకొని, వానిలో ‘రన్’ను గూడఁ బేర్కొనెను. నిఘంటుకారుఁడు ప్రయోగములను బోగుచేసి, కర్త మాఱినచోట నొక గీఁతయు, కర్మ మాఱినచోట నొక గీఁతయు గీయును. గీఁత లెక్కువైనఁ బేరు లెక్కువగును. రైలు, మిల్లు, కంప్యూటరు ఒకటి వెంట నొకటి రాఁగా గీఁతలును బెరిగినవి. సంఖ్య శ్రద్ధకుఁ గొలఁత యగునుగాని సంపదకుఁ గొలఁత కానేరదు. మన ‘పాఱు’, ‘పడు’, ‘పెట్టు’, ‘కొట్టు’ క్రియల కింత శ్రద్ధతో గీఁతలు గీచినచో నెన్ని వందలు తేలునో!

ఈ విషయమున మన పూర్వులు చక్కని త్రోవ చూపిరి. భర్తృహరి వాక్యపదీయము ద్వితీయకాండమున, అర్థము సందిగ్ధమైనప్పుడు దానిని నిర్ణయించు హేతువులను, సంయోగము, సాహచర్యము, విరోధము, ప్రకరణము, సామర్థ్యము, ఔచిత్యము, దేశము, కాలము మొదలగువానిని, పేర్కొనెను. మమ్మటాదు లాలంకారికులు దానిని గైకొనిరి. ‘సైంధవము దెమ్ము’ అను మాట కేది యర్థము? భోజనసమయమున నుప్పు, ప్రయాణసమయమున గుఱ్ఱము. పదము మాఱలేదు, ప్రకరణము మాఱినది. ‘రన్’ విషయమును ఇంతే. దాని ప్రక్కఁ గూర్చున్న పద మేదియో చూడకుండ దాని యర్థ మడుగుట, మనుష్యుఁ డెవరికి బంధువో చెప్పక అతఁడు తండ్రియా కుమారుఁడా యని యడుగుటవంటిది.

బడిపిల్లల చేతికిచ్చు చిన్ననిఘంటువులలో ఈ క్రియకు ‘పరుగెత్తు, పాఱు, నడుపు, కాఱు’ అని పదములు వరుసగా నుండును. ఏది యెప్పుడో తెలియదు. 1852లో వెలువడిన బ్రౌను తెలుఁగు-ఇంగ్లీషు నిఘంటువు మాటలను గ్రంథప్రయోగములతోను వాడుకతోను జూపినది. ఆ పద్ధతి విడిచినందువలననే, వ్యాపారమును ‘పరుగులు పెట్టించు’ వాక్యములు పత్రికలలోఁ బుట్టుచున్నవి.

అట్లని మాటకు మాట యెన్నఁడును నిలువదనరాదు. క్రికెటు ఆటలో ‘రన్’ మనకుఁ ‘బరుగు’ అయినది. బంతి హద్దు దాఁటినప్పుడు ఆటగాఁడు పరుగెత్తకున్నను నాలుగు పరుగులు లభించును. ఇచ్చటఁ ‘బరుగు’ గమనము గాదు, లెక్క. ఈ యర్థము మన మాటకుఁ బూర్వము లేదు. దీనిని నిఘంటువు కట్టఁబెట్టలేదు. ప్రయోగము తెచ్చినది, జనులు సమ్మతించిరి.

కావున తెలుఁగుచేయువాఁడు ‘ఈ మాటకుఁ దెలుఁ గేమి?’ యని యడుగక, ‘ఇట్టి కర్త, ఇట్టి కర్మ, ఇట్టి సందర్భము గలిసినప్పుడు మనవా రేమందురు?’ అని యడుగవలెను. మొదటి ప్రశ్నకు నిఘంటువు చాలును. రెండవదానికి తెలుఁగు రావలెను.