కీర్తన యే లిపిలో పాడవలెను?

లాల్‌పేట్ బొగ్గుగనుల కొలువులకు వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబములలో భజన యింకను నిలిచియున్నది. పిల్లలు పాడుచున్నారు. కాని మేము చూచిన చేతిపుస్తకములలో తెలుగు కీర్తన దేవనాగరి లిపిలో వ్రాసియున్నది. ఇందువలన నేమి పోవునో తెలియుటకు మేము కొంత దూరము, యూదుల మందిరము వరకు, పోయి రావలసి వచ్చినది.

వేదమునకు స్వరము ప్రాణమని మనవారందురు. త్వష్ట ‘ఇంద్రశత్రు’ శబ్దమున స్వరము తప్పుటచే, ఇంద్రుని చంపవలసిన వృత్రుడు ఇంద్రునిచేతనే హతుడయ్యెనని కథ. అక్షరమొక్కటియు మారలేదు, ఉదాత్తము చోటు మారి సమాసార్థము తలక్రిందులైనది. యూదుల ధర్మశాస్త్రపఠనమందును ఇట్టి జాగ్రత్తయే కలదు. మందిరమున చదువు చర్మపు చుట్టలో అచ్చుల గుర్తులు గాని స్వరచిహ్నములు గాని ఉండవు. తిబెరియ పండితులు క్రీ. శ. 10వ శతాబ్ది నాటికి వానిని స్థిరపరచిరి. అయినను అవి పుస్తకములకే. చదువరి వానిని కంఠస్థము చేసి రావలెను. అర్థము చెడునట్లు చదివినచో అక్కడనే దిద్దుదురు. ఒక భేదము మాత్రము గమనింపదగినది. మన ఉదాత్తానుదాత్తములు ప్రధానముగా పదమునకు చెందినవి. హీబ్రూ చిహ్నములు వాక్యమున ఎక్కడ ఆగవలెనో, ఎక్కడ కలుపవలెనో కూడ తెలుపును. కనుక వారి రాగము ఒకవిధముగా వ్యాకరణమే. బాగ్దాదువారి బాణీ వేరు, పోలండువారి బాణీ వేరు, చిహ్నములు మాత్రమొక్కటియే.

మన మహారాష్ట్రములోనే కొంకణతీరపు బెనె ఇశ్రాయేలీయులున్నారు. హీబ్రూ మరచిన కాలమునను ‘షెమా’ అను ప్రార్థన యొక్కటి తమ నోట నిలిచినదని వారి సంప్రదాయగాథ. 1880 ప్రాంతమున వారే మరాఠీ హరికీర్తన పద్ధతిని గ్రహించి, అబ్రాహాము మొదలైనవారి కథలను మరాఠీలో కీర్తనలుగా కట్టుకొనిరి. ఈ వివేకము మాకు మిక్కిలి నచ్చినది. ప్రార్థనను హీబ్రూలోనే ఉంచుకొనిరి. కథను ఇరుగుపొరుగు భాషలో పెట్టుకొనిరి. రెంటిని కలగలుపలేదు.

గుంటూరు జిల్లా చేబ్రోలు దాపున కొత్తరెడ్డిపాలెములో 1991లో మందిరము నెలకొల్పుకొన్న బెనె ఎఫ్రాయిమువారు తెలుగువారే. హీబ్రూలోని ‘ఖేత్’ అను కంఠధ్వనికి మన లిపిలో సరియైన అక్షరము లేదు. అట్టి ప్రార్థన తెలుగు నోట పలుకవలెనన్న, అక్షరముకంటె చెవియే దిక్కు.

ఇక మన సంగతి. విష్ణుసహస్రనామమును దేవనాగరిలో చదివినను కొరత లేదు. సంస్కృతమున హ్రస్వమైన ఎ, ఒ లు లేవు గదా! ‘ళ’ సహితము మరాఠీలో నున్నది. తెలుగు కీర్తన మాట వేరు. మరాఠీ బడిలో నేర్పు అక్షరములలో ఎ, ఏ లకు భేదము లేదు. ఒ, ఓ లకును లేదు. ద్రావిడభాషలకై దేవనాగరిలో హ్రస్వచిహ్నములు కల్పించిరి గాని, వానిని బడిపిల్లలెరుగరు. అందుచే ‘మెడ’ ‘మేడ’ యగును, ‘కొన’ ‘కోన’ యగును. స్వామి మెడలో వేయవలసిన హారమును మేడలో వేయుచున్నాము. తాళమును చెడును, ఏలయన లఘువు గురువగును. మంత్రమైనచో శబ్దమైన మిగులును, కథయైనచో అర్థమైన మిగులును. ఇట్లు పాడిన కీర్తనలో రెండును మిగులవు. పిల్లలను తప్పు పట్టుట న్యాయము కాదు, ఆ పుస్తకములు వ్రాసియిచ్చినది మనమే.

అభంగములను మరాఠీలో హాయిగా పాడనిండు. అవి వారికి నోటికి వచ్చిన భాషలోనివి. తెలుగు కీర్తనకు మాత్రము తెలుగు అక్షరములు నేర్పుడు. అవి వచ్చువరకు ఆ పుస్తకమును మూసి, ఇంటి పెద్దల నోట విని పాడించుడు. వారిలో చాలమందికి కీర్తనలు పుస్తకము లేకయే వచ్చును.