మాత్ర, హకు: విశాఖలో జపనీస్ అధ్యయనానికి తెలుగు ఛందస్సు చేయగల తోడ్పాటు

విశాఖపట్టణానికి జపానుతో పరిచయం రేవు మీదుగా కలిగింది. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు ఇక్కడ బాంబులు వేశాయి; ఆంధ్ర విశ్వకళాపరిషత్తు కొన్నేళ్లు గుంటూరుకు తరలిపోయింది. 1960లో అదే జపానుకు బైలదిల్లా ఇనుప ఖనిజం పంపే ఒప్పందం కుదిరింది. కొత్తవలస–కిరండూల్ రైలుమార్గం అందుకోసం వెలసినదే. నేడు అచ్యుతాపురంలో జపాను సంస్థల కర్మాగారాలున్నాయి. ఇటువంటి నగరంలో జపనీస్ భాష ఉద్యోగార్థ విద్యగా, ఐదు అంచెల ప్రావీణ్య పరీక్షకు సన్నాహంగా కనిపించడం సహజం. అయితే ఆ భాష తెలుగు విద్యార్థికి సాధారణంగా ఇంగ్లీషు వివరణల ద్వారానే అందుతున్నది. ఈ మధ్యవర్తిత్వం వల్ల కలుగుతున్న నష్టం భాషాబోధనతో ఆగక, తెలుగు సాహిత్య విమర్శ దాకా వచ్చింది.

కనా లిపి వర్ణక్రమాన్నే చూడవచ్చు. అ, ఇ, ఉ, ఎ, ఒ అనే అచ్చుల తరువాత క, స, త, న, హ, మ, య, ర, వ వరుసలు వస్తాయి. బౌద్ధంతో పాటు జపాను చేరిన సిద్ధం లిపి అధ్యయనం ప్రభావంతో ఏర్పడిన క్రమమిది. చవర్గ స్థానంలో సకారం, పవర్గ స్థానంలో హకారం నిలిచాయి. ఆ హకారం ప్రాచీన జపనీస్‌లో పకారమే. అక్షరమాల దిద్దిన తెలుగు విద్యార్థికి ఇది దాదాపు తెలిసిన పాఠం. ఇంగ్లీషు అక్షరక్రమం మీదుగా వచ్చినవాడు మాత్రం దీనిని కొత్తగా కంఠస్థం చేయాలి. వాక్యనిర్మాణంలోనూ ఇంతే. ‘తనక తొ ఇఉ హితొ’ అనే పదబంధం ‘తనక అనే మనిషి’ అని పదం వెంట పదంగా తెలుగులోకి వస్తుంది. ఈ సామ్యం నిర్మాణపరమైనది మాత్రమే. తమిళ, జపనీస్ భాషలకు జన్యసంబంధం కల్పించిన సుసుము ఓనో సిద్ధాంతాన్ని చారిత్రక భాషాశాస్త్రజ్ఞులలో అధికులు అంగీకరించలేదన్న సంగతిని విస్మరించరాదు.

అసలు చిక్కు హైకూ దగ్గర ఉంది. 1990లలో గాలి నాసరరెడ్డి, ఇస్మాయిల్, పెన్నా శివరామకృష్ణ వంటి కవుల కృషితో ఈ ప్రక్రియ తెలుగులో నిలదొక్కుకున్నది. ఇస్మాయిల్ ‘కప్పల నిశ్శబ్దం’ 1997లో వెలువడింది. మన కవులకు జపనీస్ మూలాల కంటె ఇంగ్లీషు అనువాదాలే ఎక్కువగా అందుబాటులో ఉండేవి. దానితో పాటే 5-7-5 ‘సిలబుల్స్’ అనే లెక్క కూడా వచ్చి, తెలుగులో 17 అక్షరాల నియమంగా స్థిరపడింది. కొందరు దానిని పాటించారు, మరికొందరు మూడు పాదాలతో సరిపెట్టుకున్నారు. విమర్శకులు ఆ అక్షరాలను లెక్కించి మార్కులు వేశారు.

జపనీస్ పద్యం లెక్కించేది అక్షరాన్ని కాదు, ‘హకు’ అనే కాలపరిమాణాన్ని. ‘టోక్యో’ ఇంగ్లీషు పాఠకుడికి రెండో మూడో సిలబుల్స్; జపనీయునికి తొ-ఒ-క్యొ-ఒ అని నాలుగు హకులు. తెలుగు ఛందస్సు ప్రకారం రెండు గురువులు, అనగా నాలుగు మాత్రలు. ‘నిప్పొన్’ కూడా అంతే. ‘హైకు’ మూడు హకులు, మూడు మాత్రలు. మనం రాసే ‘హైకూ’లో చివరి దీర్ఘం జపనీస్‌లో లేదు. పత్రికలలో కనిపించే ‘ఒసాకా’ మరీ విచిత్రం: ఉన్న దీర్ఘం పోయి, లేని దీర్ఘాలు రెండు చేరాయి.

17 అక్షరాలూ లఘువులైతే 17 మాత్రలు, అన్నీ గురువులైతే 34. ఒకటి మరొకదానికి రెట్టింపు కాలం తీసుకునే రెండు పద్యాలను ‘నియమబద్ధం’ అని ఒకే గాటన కట్టే కొలమానం దేనిని కొలుస్తున్నట్టు? విశాఖకు పొరుగున విజయనగరంలో గురజాడ 1910 నాటికే మూడు, నాలుగు మాత్రల నడకతో ముత్యాలసరాలు నడిపాడు. ఏడు మాత్రల లయ తెలుగు చెవికి కొత్త కాదు. జపనీస్ ఏడు హకుల పాదంలో అటువంటి గణవిభజన నియమం లేదు కనుక పోలికను అక్కడితో ఆపాలి.

పోలిక తెగిపోయే చోటు మరొకటి ఉంది. ‘తోత్త’ (దాటిపోయింది) అనే క్రియారూపంలో తొ-ఒ-త్-త అని నాలుగు హకులున్నాయి. మన లెక్కలో ఒక గురువు, ఒక లఘువు కలిసి మూడు మాత్రలే. దీర్ఘం మీద ద్విత్వం వచ్చినా గురువు రెండు మాత్రలను దాటదు. ఈ తేడా తెలియాలంటే మూలభాష రావాలి, ఛందస్సూ రావాలి. రెండూ వచ్చిన పరిశోధకుని తయారుచేసే పాఠ్యప్రణాళిక తెలుగు శాఖకు, విదేశీభాషా విభాగానికి ఉమ్మడిగా ఉండవలసినది.

‘కిరెజి’ పరిశీలన ఇంకా మిగిలే ఉంది. హైకూను ఒకచోట తెంచి నిలిపే ‘య’, ‘కన’ వంటి నిపాతాలను ఇంగ్లీషు అనువాదకులు తరచు అడ్డగీతగానో ఆశ్చర్యార్థకంగానో మార్చారు. తెలుగు హైకూలలో కనిపించే చుక్కలు, గీతలు ఆ అలవాటుకు కొనసాగింపు కావచ్చు. ‘సుమా’, ‘కదా’, ‘ఏ’కార ‘ఓ’కారాలు ఉన్న భాషకు విరామచిహ్నాన్ని అరువు తెచ్చుకోవలసిన అవసరం ఎంతవరకు ఉన్నదో, మూలాన్నీ తెలుగు హైకూనూ పక్కపక్కన పెట్టి చదివే పరిశోధకుడే తేల్చగలడు.